ఏడో నంబరు వాషరు

జూన్ 2, సోమవారం

కార్ఖానాలో ఒక లాగ్‌బుక్ ఉంది. దాన్ని ఇద్దరు యజమానులూ చదువుతారు. అందుకే అందులో నేను నిజం రాసి ఆరేళ్లయింది. "ఇంజన్ ఆన్. ఇంజన్ ఆఫ్. వాతావరణం పొడి." ఇంతే రాస్తాను. మిగిలినదంతా కడుపులో పెట్టుకుని తిరగడం ఇక నావల్ల కావడం లేదు. ఈ రోజు మా కార్ఖానా ఉన్న మనలిలో బస్సు దిగగానే రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాను. ఇది ఎవరూ చదవరు. మొదటినుంచీ రాసుకుంటే ఎక్కడ దారి తప్పానో నాకైనా తెలుస్తుంది.

మా పెద్దాయన రాయపురం రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవారు. యాభై ఏళ్ల వయసులో జెట్ ఇంజన్ చేస్తానని మనలిలో షెడ్డు వేశారు. అందరూ నవ్వారు. నేను జీతగాణ్ణి కనుక లోపల నవ్వాను. పన్నెండేళ్లకు ఇంజన్ తిరిగింది. పాలక్యానంత ఉంటుంది, కిరసనాయిలు తాగుతుంది, మనిషి లేని చిన్న విమానాన్ని గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో తోసుకుపోతుంది.

ఆయన కొడుకు భక్తవత్సలం, కూతురు హైమ ఆ ఇంజనుకు తగిన విమానం గీయడానికి ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రెక్క పైన ఉండాలన్నాడు కొడుకు. కింద ఉండాలంది కూతురు. భోజనానికి లేచేసరికి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పటికీ లేవు. అన్నగారిది పాలపిట్ట విమానాల కంపెనీ, చెల్లెలిది గోరువంక విమానాల కంపెనీ. పెద్దాయన పోయేటప్పుడు ఇంజన్ షెడ్డును మాత్రం విడదీయడానికి వీల్లేకుండా ఇద్దరికీ కలిపి రాసిపోయారు. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు నేను అన్నగారి మనిషిని. మంగళ, గురు, శనివారాలు చెల్లెలి మనిషిని. ఆదివారం తాయారు మొగుణ్ణి.

ఈ రోజు సర్కారు తుఫాను విభాగంనుంచి ఇద్దరికీ ఒకే ఉత్తరం వచ్చింది. తుఫానులోకి దూరి గాలిని కొలిచే విమానాలు పన్నెండు కావాలట. జూలై 19న పరీక్ష. మధ్యాహ్నం పన్నెండులోగా ఎవరి విమానం రెండుసార్లు ఎగిరి దిగుతుందో వాళ్లకే ఆర్డరు. రెండూ దిగితే మంచిది ఎంచుకుంటారు. రెండూ దిగకపోతే వేరే ఊరి కంపెనీలను పిలుస్తారు. ఈ ఆర్డరు రాకపోతే షెడ్డు మూతే. లోపల మేం పదకొండు మందిమి.

పదిన్నరకు భక్తవత్సలం గారు ఫోన్ చేశారు.

"గోపాలసామీ, నా ఇంజన్ వేరే, దాని ఇంజన్ వేరే గదా?"

"మీ ఇంజన్ మీది గదయ్యా," అన్నాను.

పదకొండుకు హైమమ్మ చేసింది. ఆ అమ్మాయికి నేను స్పానర్ పట్టుకోవడం నేర్పాను, అందుకని అన్నా అంటుంది.

"గోపాలన్నా, ఈ రోజు ఆయన రోజని తెలుసు. ఒక్క మాట చెప్పు చాలు. నా ఇంజన్ ఆయనదాని కన్నా మేలేనా?"

"మీ ఇంజనుకు సాటి ఏదమ్మా?" అన్నాను.

రెండూ నిజాలే.

జూన్ 3, మంగళవారం

నేను అబద్ధం ఆడలేదు.

జూన్ 6, శుక్రవారం

భక్తవత్సలం గారు వచ్చి తన ఇంజనుకు నీలం రంగు వేయమన్నారు. వెనక భాగం ఆరు వందల డిగ్రీలు వేడెక్కుతుంది, రంగు నిలవదని చెప్పాను. ముందు మూతకైనా వేయమన్నారు. మా ఫిట్టర్ శక్తివేల్ వేశాడు.

రేపు హైమమ్మ వచ్చి ఆ మూత చూస్తుంది. మెరూన్ డబ్బా కూడా తెప్పించి పెట్టాను. దీన్ని ముందుచూపు అంటారు.

జూన్ 10, మంగళవారం

హైమమ్మ ఫోనులో ఏదో శబ్దం వినిపించింది. వాళ్ల అన్న ఇంజన్ తిరుగుతుండగా గోడ అవతలినుంచి ఎవరో రికార్డు చేశారట.

"విను. ఎంత మెత్తగా ఉంది! నాదేమో మిక్సీ మాదిరి అరస్తాది. ఆయన ఇంజన్లో ఏం పెట్టినావ్?"

"ఏమీ పెట్టలేదమ్మా."

"గోపాలన్నా. నా మొకం చూసి చెప్పు."

ఆమె ముఖం చూశాను. అదే నేను చేసిన తప్పు. పెద్దాయన చూసినట్టే చూస్తుంది. నోటికి వచ్చింది చెప్పేశాను.

"ఏడో నంబరు వాషరు."

ఏడో నంబరు వాషరు ఉన్న మాట నిజం. విడిభాగాల పట్టీలో ఏడోది అదే. ఆమె ఇంజన్లోనూ ఉంది. అది ఆమె అడగలేదు.

"నాకు ఏడు వద్దు," అంది. "ఎనిమిది చెయ్."

జూన్ 11, బుధవారం

ఎలా తెలిసిందో తెలియదు.

"దానికి ఎనిమిదంట గదా," అన్నారు భక్తవత్సలం గారు షెడ్డులోకి వస్తూనే. "నేను అడిగినానా ఏడు? ఎవుర్ని అడిగి నాకు ఏడేసినావ్? తొమ్మిది చెయ్యి."

జూన్ 14, శనివారం

పన్నెండు.

జూన్ 16, సోమవారం

పదమూడు అచ్చిరాదని నేరుగా పద్నాలుగుకు వెళ్లాం.

వాషరు మారలేదు. ఎనిమిది మిల్లీమీటర్ల రాగి వాషరు. దాని మీద శక్తివేల్ నంబరు కొడతాడు, అంతే. ఈ రోజు సుత్తి కింద పెట్టి నావైపు చూశాడు. వాడిది తమిళం, తెలుగు వచ్చీరానట్టు ఉంటుంది కానీ లెక్క బాగా వస్తుంది.

"సార్, వాషర్ అదే దా. నంబర్ మట్టుం పెరుగుతా పోతా ఉంది. ఎంత వరకు పోవాల సార్?"

"జూలై పంతొమ్మిది వరకు."

"ఐయో, అన్ని సున్నాలు దానిమీద పట్టవు సార్."

జూన్ 17, మంగళవారం

తాయారుకు అంతా చెప్పాను. వంకాయలు తరుగుతూ విన్నది. తరగడం ఆపలేదు.

"ఇద్దర్నీ ఒకేసారి పిలిచి, ఇంజన్ ఒకటే అని చెప్పేయండి. చెప్పేదానికి ఎంత సేపు పడుతుంది?"

నాలుగు క్షణాలు పడుతుంది. మనసులో అని చూసుకున్నాను. రేపు చెప్తాను.

జూన్ 18, బుధవారం

ఈ రోజు చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 19, గురువారం

ఈ రోజూ చెప్పలేదు. ఎండ తక్కువగా ఉంది, అందరూ సంతోషంగా ఉన్నారు. ఎందుకు చెడగొట్టడం?

జూన్ 25, బుధవారం

తుఫాను విభాగంనుంచి సునయన గారు ఇంజన్లు చూడటానికి వచ్చారు. కాకినాడ వైపు మనిషి. ముప్పై ఏళ్లుంటాయి, చేతిలో అట్టకు బిగించిన పట్టిక. ఒకే కప్పు కింద నిలబడరు కనుక అన్నా చెల్లెళ్లు ఇద్దరూ రాలేదు. అది దేవుడు నాకు చేసిన మేలు అనుకున్నాను.

దేవుడు అక్కడితో ఆగిపోయాడు. రెండో ఇంజను బేరింగులు ఓడలో వస్తున్నాయి, ఇంకా రేవుకు చేరలేదు. తిరిగే ఇంజన్ ఒకటే ఉంది, ఇన్నాళ్లూ మూత మార్చి దాన్నే అన్నాచెల్లెళ్లిద్దరికీ ఎవరి రోజున వాళ్లకు చూపిస్తున్నాం. ఆమె చూడవలసినవి రెండు.

నీలం మూత పెట్టి తిప్పి చూపించాం. "బావుందండీ," అని రాసుకున్నారు. "గోరువంక వాళ్లది ఎక్కడుంది?"

"అవతలి గదిలో ఉందమ్మా. ముందు టీ తాగండి."

టీ ఎంత సేపు తాగించవచ్చో అంత సేపు తాగించాను. అల్లం టీ, తర్వాత మసాలా వడ, తర్వాత పెద్దాయన ఫొటో, ఆయన కథ. కథ నడుస్తుండగా శక్తివేల్ మూత మార్చాడు. తర్వాత సునయన గారిని షెడ్డు చుట్టూ తిప్పి వెనక తలుపులోనుంచి అదే గదిలోకి తీసుకెళ్లాను. గోడమీద క్యాలెండర్ కూడా తీసేయించాను.

ఆమె మెరూన్ మూతను చూశారు. ఇంజన్ పక్కన చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నారు.

"ఏవండీ, ఇది ఇంకా స్టార్ట్ చేయలేదు కదా. ఇలా కాలిపోతోందేంటి?"

"మనలి ఎండ అమ్మా," అన్నాను.

గదికి కిటికీ లేదు.

ఆమె నన్ను చూశారు, వేలు ఊదుకున్నారు, పట్టికలో ఏదో రాసుకున్నారు. "టీ బావుందండీ," అని వెళ్లిపోయారు.

నమ్మేసినట్టే ఉంది.

జూలై 5, శనివారం

బేరింగులు వచ్చాయి. రెండో ఇంజన్ తయారైంది. ఇప్పుడు నిజంగానే రెండు ఇంజన్లున్నాయి కాబట్టి, ఇంతకుముందు చెప్పినవన్నీ కొంచెం ముందుగా చెప్పిన నిజాలు.

జూలై 17, గురువారం

వాషరు నంబర్లు: అన్నకు ఇరవై మూడు, చెల్లెలికి ఇరవై నాలుగు. శక్తివేల్ సుత్తి దాచేశాడు.

జూలై 20, ఆదివారం

నిన్న రాయడానికి చేతులు ఆడలేదు. ఇప్పుడు తాయారు పప్పు పొయ్యిమీద పెట్టి కోవెలకు వెళ్లింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఊరి బయట పాత రన్‌వే. ఒక కొసన పాలపిట్ట వాళ్ల గుడారం, రెండో కొసన గోరువంక వాళ్లది. నడుమ సునయన గారి బల్ల. శనివారం కనుక నేను చెల్లెలి గుడారంలో ఉండాలి. అన్న ఒప్పుకోలేదు. ఆఖరికి నన్ను సరిగ్గా మధ్యలో, ఎండలో నిలబెట్టారు.

చీటీ తీస్తే పాలపిట్ట ముందు వచ్చింది. తొమ్మిదీ పదికి లేచింది. పైన రెక్క, నీలం మూత, ఈల వేసినట్టు వెళ్లి పావుగంటలో తిరిగి వచ్చింది. భక్తవత్సలం గారు చొక్కా గుండీలు సర్దుకుని చెల్లెలి గుడారం వైపు చూశారు. ఆ చూపు పూర్తయ్యేలోపల విమానం దిగుతూ దిగుతూ పక్కకు వెళ్లి సర్కారు తుమ్మ పొదలో దూరింది. ఇంజనుకు ఏమీ కాలేదు. పైన రెక్క మాత్రం రెండు ముక్కలైంది.

హైమమ్మ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో అందరికీ కనిపించింది.

తర్వాత ఆమె వంతు. దిష్టి తగలకుండా తన విమానానికి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ కట్టింది. ఇంజనీరింగ్ చదివిన మనిషి! కట్టింది కూడా ఎక్కడ, గాలి లోపలికి పీల్చే నోటి దగ్గర. నేను మధ్యలో ఉన్నాను కనుక చూడలేదు. ఇంజన్ ఆన్ చేసింది. అది గాలి పీల్చింది. దండ పోయింది.

టపటపమని శబ్దం, తర్వాత వెనకనుంచి పొగ. రన్‌వే అంతా మిరపకాయలు మాడిన ఘాటు. సునయన గారి డ్రైవరు కళ్లు తుడుచుకుంటూ కారెక్కి అద్దాలు మూసుకున్నాడు. పొగ పోయాక చూస్తే ముందర గాలి లాగే చక్రం రేకులన్నీ వంకరపోయాయి. ఒక నిమ్మ గింజ మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పటికి టైము పదీ పదిహేను. ఒక కొసన బాగున్న ఇంజన్, విరిగిన విమానం. రెండో కొసన బాగున్న విమానం, విరిగిన ఇంజన్. నడుమ నేను.

శక్తివేల్ నా పక్కకు వచ్చాడు. "సార్, నాలుగు బోల్టులు దా," అన్నాడు మెల్లగా.

పది మంది ముఖాలు వరసగా కనిపించాయి. నా ముఖం కూడా లెక్కేసుకుంటే పదకొండు. రెండు చేతులూ ఎత్తి ఇద్దరినీ పిలిచాను. ఆరేళ్లలో మొదటిసారి ఇద్దరూ నాకు ఒకే దూరంలో నిలబడ్డారు. ఒకరి ముఖం తూర్పుకు, ఇంకొకరిది పడమరకు.

"అయ్యా, హైమమ్మా, రెండు ఇంజన్లూ ఒకటే," అన్నాను.

నాలుగు క్షణాలే పట్టింది. తాయారు చెప్పింది నిజం.

"ఒకటే అంటే?" అన్నారు భక్తవత్సలం గారు.

"దీనిది దానికి పడుతుంది. దానిది దీనికి పడుతుంది. మూత రంగు తప్ప తేడా లేదు."

"ఇరవై మూడో నంబరు వాషరు?"

"ఎనిమిది మిల్లీమీటర్లయ్యా."

"ఇరవై నాలుగు?" అంది హైమమ్మ.

"ఎనిమిది మిల్లీమీటర్లమ్మా."

ఇద్దరూ ఒకేసారి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు ఇంకొకరు అందుకున్నారు. పెద్దాయన ఉండి ఉంటే ఏం చేసేవారో కూడా చెప్పారు. ఆ విషయంలో ఇద్దరి అభిప్రాయమూ ఒకటే. తల వంచుకుని విన్నాను. చెప్పేశాక ఆకలి వేసింది. నెలన్నరగా సరిగ్గా ఆకలి వేయలేదని అప్పుడు తెలిసింది.

సునయన గారు గడియారం చూపించారు. పదీ ఇరవై ఎనిమిది.

"గోపాలసామీ," అన్నారు భక్తవత్సలం గారు, మూడడుగుల దూరంలో ఉన్న చెల్లెల్ని చూడకుండా. "నా ఇంజన్ కావాలంటే ఆయమ్మను నోరు తెరిచి అడగమను."

"గోపాలన్నా," అంది హైమమ్మ. "నేను అడగను. ఆయనకు ఇచ్చే బుద్ధి ఉంటే ఇయ్యమను."

ఆరేళ్లుగా నేను ఇటునుంచి అటు మోసినవి ఈ మాటలే. మోస్తూ మోస్తూ వాటికి కొంచెం చక్కెర కలిపేవాణ్ణి. నిన్న కలపలేదు. "మీరే చెప్పుకోండి," అన్నాను. "నాకు చేత కాదు. పన్నెండు కొడితే షెడ్డుకు తాళం పడుతుంది, తాళం చెవి ఎవరి రోజున ఎవరికివ్వాలో అదొక్కటి చెప్పండి."

భక్తవత్సలం గారు గోరువంక వైపు చూశారు. దాని కింది రెక్క వైపు ఇంకా ఎక్కువ సేపు చూశారు. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అది మంచితనం కాదని నాకు తెలుసు.

"ఇచ్చెయ్," అన్నారు. "కింద రెక్క పెట్టిన ఆ డబ్బా ఎట్లెగరతాదో నేనూ చూడాల. నా ఇంజన్ పెట్టినా ఎగరలేదని ఊరంతా తెలియాల."

శక్తివేల్ అప్పటికే బోల్టులు విప్పుతున్నాడు.

బిగించేటప్పుడు హైమమ్మ స్పానర్ తానే తీసుకుంది. తొందరలో ఒక వైపు రెండూ బిగించేసి మూడోదానికి వెళ్లింది. వెనకనుంచి కేక వినబడింది.

"ఏయ్! అట్ల కాదు! ఎదురెదురుగా బిగించు! నాయన ఏం చెప్పినాడు నీకు?"

ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగింది.

"నువ్వు నోరు మూసుకో," అంది.

ఆరేళ్ల తర్వాత చెల్లెలు అన్నగారితో మాట్లాడిన మొదటి మాట అది. అని, రెండు బోల్టులూ వదులు చేసి ఎదురెదురుగా బిగించింది. నాలుగోది ఆయనే బిగించారు. ఎప్పుడు వంగారో నేను చూడలేదు.

పదకొండూ అయిదుకు నీలం మూత ఇంజనుతో మెరూన్ విమానం లేచింది. మొదటిసారి బాగానే దిగింది. రెండోసారి లేచాక సముద్రంనుంచి అడ్డగాలి మొదలైంది. కింది రెక్క ఒక పక్కకు ఊగింది. హైమమ్మ రిమోట్ పట్టుకుని నిలబడింది. ఓడిపోతే చూద్దామని వచ్చిన మనిషి ఆమె చెవి పక్కనే నిలబడి అరుస్తున్నాడు.

"ఎడమ! ఎడమకు! ఇంకా! దించొద్దు, దించొద్దు, పొద ఉండాది ఆడ!"

"నాకు తెలుసు! నువ్వు దూరింది ఆ పొదలోకే గదా!"

పదకొండూ యాభై రెండుకు చక్రాలు నేలను తాకాయి. విమానం ఆగింది. భక్తవత్సలం గారు రెండు చేతులూ పైకెత్తి గంతులేశారు. కొంతసేపటికి ఎవరి విమానమో గుర్తొచ్చి చేతులు దించుకున్నారు. కానీ అందరూ చూసేశారు.

నేను సునయన గారి దగ్గరికి వెళ్లి జూన్ 25 సంగతి ఒప్పుకున్నాను. మూత, టీ, వెనక తలుపు, క్యాలెండర్ అన్నీ.

"తెలుసండీ," అన్నారు ఆమె. వేలు చూపించారు. "ఇది మూడు రోజులు మండింది. ఆ రోజే పట్టికలో ఒక్క ఇంజనే రాశాను. రెండోది జూలైలో తయారయ్యాక మా వాళ్లు వచ్చి చూశారు కదా, అప్పుడు రెండోది రాశాను. ఇంకోసారి మాత్రం నాకు మనలి ఎండ గురించి చెప్పకండి."

పప్పు మాడుతోంది. ఆపుతాను.

ఆగస్టు 2, శనివారం

ఇంజన్ అరువిచ్చినందుకు పాలపిట్టకు ఇంకో అవకాశం ఇచ్చారు. కొత్త రెక్కతో రెండుసార్లూ ఎగిరి దిగింది. హైమమ్మ పొదలన్నీ కొట్టించి పెట్టింది. అడిగితే, రన్‌వే శుభ్రంగా ఉండాలి గదా, అంది.

ఆగస్టు 6, బుధవారం

ఆర్డరు వచ్చింది. పాలపిట్టలు ఆరు, గోరువంకలు ఆరు. ఇంజన్ ఒకటే కాబట్టి విడిభాగాలు ఒకటే, ఒకే మెకానిక్ రెండింటినీ బాగుచేయగలడు, అందుకే రెండూ తీసుకుంటున్నామని ఉత్తరంలో రాశారు. అంటే నేను నెలన్నర దాచింది మా ఇంజనుకున్న అన్నిటికన్నా మంచి గుణం.

శక్తివేల్ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, సుత్తి ఎక్కడ దాచాడో చెప్పాడు.

ఆగస్టు 14, గురువారం

వారంగా ఇద్దరూ షెడ్డుకు ఒకే రోజున వస్తున్నారు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కొట్లాడుకుంటున్నారు. నేరుగా. నాకు ఫోన్లు రావడం లేదు.

చాలా ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 16, శనివారం

ఫోన్ రాలేదు. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశాను. బాగానే పనిచేస్తోంది. తాయారు ఫోనునుంచి నాకు చేసి చూశాను. మోగింది.

ఆగస్టు 17, ఆదివారం

"ఎవురి ఫోను కోసం చూస్తా ఉన్నారు?" అని తాయారు అడిగింది. ఎవరి కోసమూ కాదు.

ఆగస్టు 25, సోమవారం

ఈ రోజు షెడ్డులోకి వెళ్లేసరికి లోపల కేకలు. బల్లమీద ఒక పెద్ద కాగితం పరుచుకున్నారు. కొత్త విమానం బొమ్మ. ఒకే విమానం. రెక్క ఇంకా గీయలేదు. ఆయన పెన్సిలు పైన పెడుతున్నారు, ఆమె రబ్బరుతో చెరిపేస్తోంది. కాగితం ఆ చోట పలచబడి చిల్లు పడేలా ఉంది.

ఇది నా పని అనుకున్నాను. గొంతు సవరించుకున్నాను. దారంతా ఒక మాట ఆలోచించుకుని వచ్చాను, ఇద్దరికీ నచ్చేది, మెత్తగా ఉండేది.

"అయ్యా, హైమమ్మా, నేనేమంటానంటే..."

ఇద్దరూ తలెత్తారు. పెద్దాయన కళ్లు రెండు జతలు.

"నువ్వు బయటుండు," అన్నారు.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒక్క అక్షరం తేడా లేదు.

బయటికి వచ్చి శక్తివేల్ పక్కన పెట్టెమీద కూర్చున్నాను. వాడు తన టీలో సగం నాకు పోశాడు. లోపలి కేకలు మధ్యాహ్నం దాకా వినిపించాయి. ఎవరి మాటా ఎవరికీ మోయకుండా ఊరికే విన్నాను.